ప్లస్ గుర్తుకు పిల్లలు కొత్త అర్థం చెప్పొచ్చా? మన కోడింగ్ ల్యాబ్‌లో జరిగిన ఒక సంగతి



గత టర్మ్ కోడింగ్ ప్రాజెక్టుల మార్కులు ఇంటికి పంపిన మర్నాడే ఒక తండ్రి ఫోన్ చేశారు. "మా వాడి లెక్క వాళ్ల తాత కాగితం మీద వేసి చూసినాడు మేడం. సరిగ్గానే ఉంది. మీ కంప్యూటర్ మాత్రం తప్పు అంటోంది. ఎవరిని నమ్మాల?" అని అడిగారు. నేను గణితం చెబుతాను, ఎనిమిది, తొమ్మిది తరగతుల కోడింగ్ క్లబ్ కూడా చూసుకుంటాను. ఆ ప్రాజెక్టుకు సున్నా వేసింది నేనే. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ కనిపించింది, లోపల ఏముందో చదవకుండా సున్నా వేశాను. తప్పు నాదే. ఎందుకు అలా జరిగిందో, ఇప్పుడు ఏం మార్చామో మీ అందరికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. కోడింగ్ తెలియకపోయినా ఫర్వాలేదు. భూమి కొలతలు తెలిస్తే చాలు, మన వైపు అవి తెలియని ఇల్లు ఉండదు కదా!

ఆ అబ్బాయి వాళ్ల నాన్న తరఫు భూమి కోడుమూరు వైపు ఉంది. అమ్మ పుట్టింటి భూమి తుంగభద్ర అవతల, ఆలంపూర్ దగ్గర. ఇవతల మనం ఎకరాలు, సెంట్లు అంటాం. నది దాటితే ఎకరాలు, గుంటలు. ఎకరానికి 100 సెంట్లు, అదే ఎకరానికి 40 గుంటలు. అంటే ఒక గుంట రెండున్నర సెంట్లు. ఇంట్లో ఎప్పుడు పొలం మాట వచ్చినా ఈ రెండు లెక్కలూ కలిసిపోయి గొడవ అవుతుందట. అందుకని రెండింటినీ కూడే ప్రోగ్రాం రాస్తానన్నాడు.

సెంట్లతో పెద్ద చిక్కు లేదు. 2.75 కి 1.50 కలిపితే 4.25, నాలుగు ఎకరాల పాతిక సెంట్లు. మామూలు కూడికే సరిపోతుంది. గుంటల దగ్గర అది పనికిరాదు. 2 ఎకరాల 35 గుంటలకు 1 ఎకరం 10 గుంటలు కలపాలి. 2.35, 1.10 అని క్యాలిక్యులేటర్‌లో కొడితే 3.45 వస్తుంది. దాన్ని మూడు ఎకరాల 45 సెంట్లు అని చదివేవాళ్లు కూడా ఉంటారు. అసలు జవాబు చూడండి: 35, 10 కలిపితే 45 గుంటలు. అందులో 40 గుంటలు ఒక ఎకరం అయిపోతాయి, ఇంకా 5 మిగులుతాయి. మొత్తం 4 ఎకరాల 5 గుంటలు. క్యాలిక్యులేటర్‌ని నమ్మితే 27 గుంటల భూమి కాగితం మీదే మాయం! అన్నదమ్ముల భాగాల దగ్గర ఇది ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మేము నేర్పే పైథాన్ భాషలో దీనికి ఒక అందమైన దారి ఉంది. ప్లస్, మైనస్, పెద్దది, చిన్నది, సమానం లాంటి గుర్తుల్ని ఆపరేటర్లు అంటారు. పైథాన్‌లో ప్లస్‌కు అర్థం ఒక్కటే కాదు. 3 + 4 అంటే 7. రెండు పేర్ల మధ్య ప్లస్ పెడితే రెండూ పక్కపక్కన అతుక్కుంటాయి. రెండు జాబితాల మధ్య పెడితే ఒక పెద్ద జాబితా అవుతుంది. అంటే ప్లస్ ఏం చేయాలో దానికి అటూ ఇటూ ఉన్న వస్తువే చెబుతుంది. మనం 'గుంటల భూమి' అని సొంతంగా ఒక వస్తువును తయారు చేస్తే, దానికి ప్లస్ అంటే ఏమిటో మనమే చెప్పొచ్చు: "ముందు అంతా గుంటల్లోకి మార్చు, కూడు, 40 తో భాగించు, భాగఫలం ఎకరాలు, శేషం గుంటలు." ఆ నాలుగు మాటలూ ఒకసారి రాసి పెడితే ఆ తర్వాత ఎక్కడైనా మామూలుగా ప్లస్ పెట్టుకోవచ్చు. మా అబ్బాయి చేసింది అచ్చంగా ఇదే. 115 గుంటలు, 50 గుంటలు కలిపి 165. దాన్ని 40 తో భాగిస్తే 4, శేషం 5. ఎనిమిదో తరగతి పిల్లవాడికి భాగహారం ఎందుకు నేర్పుతున్నామో ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

పెద్ద తరగతుల్లోనూ ఇదే పద్ధతి. ఇంటర్‌లో వచ్చే మాత్రికల గుణకారం మామూలు గుణకారం కాదు కదా. దాని కోసమని పైథాన్‌లో 2015 నుంచి ఒక గుర్తును ప్రత్యేకంగా చేర్చారు. ఈమెయిల్ అడ్రసుల్లో వాడే 'ఎట్' గుర్తు అది. ఆ గుర్తుకు పని చెప్పేది మాత్రికల లైబ్రరీలు రాసినవాళ్లే.

మరి మన ల్యాబ్‌లో ఎర్రర్ ఎందుకు వచ్చింది? పైథాన్‌లో ప్లస్‌కు అర్థం చెప్పాలంటే ఒక ప్రత్యేకమైన పేరు వాడాలి. ముందు రెండు అండర్‌స్కోర్ గీతలు, మధ్యలో 'యాడ్', వెనక మళ్ళీ రెండు గీతలు. మేము అప్పటివరకు వాడిన ప్రాక్టీస్ వేదిక, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేరు కనిపిస్తే చాలు, ప్రోగ్రాంని మొదలు కూడా పెట్టనివ్వదు. లెక్క తప్పని అది అనలేదు. ఆ పేరు వాడకూడదు అంది, అంతే. నేను తొందరలో దాన్ని తప్పు లెక్క అనుకున్నాను.

ఇంత కట్టడి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. ఇల్లు కడుతున్నప్పుడు గుమ్మం ముందు హంద్రీ ఇసుక కుప్ప పోస్తాం. పిల్లలు అందులో గూళ్లు కడతారు, కూల్చేస్తారు. ఇంటి గోడకు ఏమీ కాదు. ఊరూ పేరూ తెలియని ప్రోగ్రాంలను నడపడానికి కంప్యూటర్‌లో కూడా అలాంటి చోటు ఒకటి ఏర్పాటు చేస్తారు. దాన్ని శాండ్‌బాక్స్ అంటారు. అంటే ఇసుక పెట్టె. లోపల పిల్లలు ఏం రాసినా స్కూల్ కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లు, ఫీజుల రికార్డులు, ఇతర పిల్లల మార్కులు ముట్టుకోలేకుండా ఉండాలి. తెలిసి చేసే చెడు అటుంచండి. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రోగ్రాంని చదవకుండా కాపీ చేసి నడిపే పిల్లలే ఎక్కువ. మా భయం అది.

అండర్‌స్కోర్ పేర్ల మీద కట్టడికి కారణం పైథాన్ వంశవృక్షం. పైథాన్‌లో ఒక చిన్న అంకె దగ్గరికి వెళ్లి "నువ్వు ఏ తరగతి?" అని అడగొచ్చు. ఆ తరగతిని "నీ తల్లి ఎవరు?" అని అడగొచ్చు. అలా పైకి పోతే అన్నిటికీ మూలమైన ఒక తల్లి దొరుకుతుంది. ఆమెను "నీ సంతానం అంతా ఎవరు?" అని అడిగితే, ఫైళ్లు తెరిచేవాళ్లు, ఇతర ప్రోగ్రాంలు నడిపేవాళ్లు అందరి చిరునామాలూ వచ్చేస్తాయి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడని, లోపలున్న చుట్టాన్ని పిలిపించుకుని ఇంట్లోకి పోవడం లాంటిది ఇది. ఈ ప్రశ్నలన్నీ అండర్‌స్కోర్ పేర్లతోనే అడుగుతారు. అందుకని వాచ్‌మన్ ఆ పేర్లన్నీ ఒకేసారి కొట్టేస్తాడు.

ఇలా లోపలి కాపలా ఒక్కదాన్నే నమ్ముకున్న పెద్దవాళ్లు కూడా దెబ్బ తిన్నారు. పైథాన్‌లోనే ఒకప్పుడు 'రెక్స్‌ఎక్' అని ఒక కట్టడి సాధనం ఉండేది. అందులో మూయలేని కంతలు ఉన్నాయని 2003లో వచ్చిన 2.3 వెర్షన్‌లో దాన్ని ఆపేశారు. 3.0 కల్లా పూర్తిగా తీసేశారు. తర్వాత విక్టర్ స్టిన్నర్ అనే పైథాన్ డెవలపర్ 'పైశాండ్‌బాక్స్' అని ఒకటి రాశాడు. 2013లో ఆయనే ముందుకు వచ్చి, ఇది మూలంలోనే తప్పు, పైథాన్ లోపల పైథాన్‌ని కట్టేయలేం, మొత్తం పైథాన్‌ని తీసుకెళ్లి బయటి గోడల మధ్య పెట్టండి అని చెప్పాడు. తన పని విఫలమైందని అంత స్పష్టంగా చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం. నా సున్నా గురించి ఇక్కడ రాయడానికి కొంత ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను సారీ చెప్పాక ఆ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. "ప్లస్ రాస్తే ఒప్పుకోదు. పెద్దది, చిన్నది, సమానం రాస్తే మాత్రం ఒప్పుకుంటాది. ఎందుకు మేడం?" నాకు తెలియలేదు. ఇంటికి వెళ్లి చదివాను. ఇలాంటి వేదికల కోసం వాడే 'రిస్ట్రిక్టెడ్ పైథాన్' అని ఒక ఓపెన్ సోర్స్ సాధనం ఉంది. జోప్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ కోసం పుట్టింది. అది అండర్‌స్కోర్ పేర్లన్నీ ఆపుతుంది కానీ ఒక చిన్న మినహాయింపు జాబితా ఉంది. వస్తువును మొదలుపెట్టే పేరు, 'ఇందులో ఉందా' అని అడిగే పేరు, ఆరు పోలికల పేర్లు. అంతే. ప్లస్ ఆ జాబితాలో లేదు. పిల్లవాడు చూసింది నిజమే.

సరిగ్గా ఆ సమయంలోనే ఇంకో ప్రాజెక్టు నా కంట పడింది. దానికి నూటికి నూరు వచ్చాయి. తెరిచి చూస్తే లెక్కే లేదు! ఆరు లైన్లు మాత్రం ఉన్నాయి. ఒక వస్తువును తయారు చేసి, "నిన్ను ఎవరితో పోల్చినా సమానమే అని చెప్పు" అని దానికి నేర్పించింది ఆ పాప. మార్కులు వేసే ప్రోగ్రాం సరైన జవాబును ఒక వైపు, పాప జవాబును ఇంకో వైపు పెట్టి మధ్యలో సమానం గుర్తు పెట్టింది. ఆ గుర్తుకు అర్థం చెప్పింది పాపే కాబట్టి ప్రతిసారీ 'సమానమే' అని వచ్చింది. పిలిచి అడిగితే భయపడకుండా చెప్పింది: "చెక్ చేసే ప్రోగ్రాం, కరెక్టా అని నన్నే అడుగుతుంది మేడం. నేను కరెక్టే అని చెప్పినా."

తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను. పరీక్ష పేపర్ దిద్దే టీచర్ "నీ జవాబు ఒప్పేనా?" అని పిల్లల్నే అడిగి మార్కులు వేస్తే ఎలా ఉంటుందో మా వేదిక అలా ఉంది. నిజాయితీగా భూమి లెక్క వేసిన పిల్లవాడి ప్లస్‌ను ఆపింది. లెక్కే వేయని పాప సమానం గుర్తును దాటనిచ్చింది. ప్లస్ ప్రమాదం, పోలికలు క్షేమం అని జాబితా గీయడంతో పని అయిపోదని నాకు అప్పుడు అర్థమైంది. ఏ గుర్తును అనుమతించాలి అన్నదానికంటే ముందు, పిల్లలు అర్థం మార్చిన గుర్తును మార్కులు వేసే ప్రోగ్రాం నమ్ముతోందా అన్నది చూడాలి.

సొంత అర్థం చెప్పని మామూలు గుర్తులు కూడా అంత సాధువులు కావు. పైథాన్‌లో ఘాతానికి రెండు నక్షత్రాలు పెడతారు. 9 ఘాతం 9 ఘాతం 9 అని మూడు తొమ్మిదులు, నాలుగు నక్షత్రాలు కొడితే చాలు. పై రెండు తొమ్మిదులే 38,74,20,489 అవుతాయి. మళ్ళీ 9 ని అన్నిసార్లు గుణించాలి. వచ్చే సంఖ్యలో 36,96,93,100 అంకెలు ఉంటాయి. ల్యాబ్ కంప్యూటర్ ఒకటి ఆ పని మీదే కూర్చుండిపోతుంది. ఏడు అక్షరాలు కొట్టిన పిల్లవాడు మాత్రం పక్కవాడితో కబుర్లు చెబుతుంటాడు. అందుకని ఏ శాండ్‌బాక్స్‌కైనా సమయానికి, మెమరీకి హద్దు ఉండాలి. గుర్తుల జాబితాతో దీన్ని ఆపలేం.

ఈ టర్మ్ నుంచి మేము చేసిన మార్పులు ఇవి. ప్రాక్టీస్‌కు పైథాన్‌ని బ్రౌజర్ లోపలే నడిపిస్తున్నాం. పయోడైడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు దీనికి వీలు కల్పిస్తుంది. 2018లో మొజిల్లాలో మొదలైంది. ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్ తెరిచినా అది మీ కంప్యూటర్‌లో ఫైళ్లను ముట్టుకోకుండా బ్రౌజర్ ఎలా కాపలా కాస్తుందో, పిల్లల ప్రోగ్రాం చుట్టూ ఇప్పుడు అదే గోడ ఉంటుంది. గోడ బయట ఉంది కాబట్టి లోపల ప్లస్, మైనస్, పోలికలు అన్నిటికీ సొంత అర్థం చెప్పుకోవచ్చు. ప్రోగ్రాం ఆగకుండా తిరిగితే ఆ ట్యాబ్ మూసేస్తే చాలు. మొదటిసారి తెరిచినప్పుడు కాస్త ఆలస్యం అవుతుంది, పాడైందనుకోకండి.

మార్కుల ప్రాజెక్టులు వేరు. అవి సర్వర్‌లో, ఇంటర్నెట్ లేని, సమయానికి, మెమరీకి హద్దు ఉన్న ఒక విడి గదిలో నడుస్తాయి. ఆ గదిలోంచి బయటికి వచ్చేది అక్షరాలు మాత్రమే. "4 ఎకరాలు 5 గుంటలు" అని ప్రోగ్రాం ప్రింట్ చేస్తే ఆ అక్షరాలను గది బయట మా ప్రోగ్రాం సరైన జవాబుతో పోలుస్తుంది. పిల్లలు తయారు చేసిన వస్తువు ఏదీ గడప దాటి రాదు, కాబట్టి సమానం గుర్తుకు లోపల ఏ అర్థం చెప్పినా బయట చెల్లదు. ఇచ్చే కొలతలు కూడా ప్రతిసారీ మారుస్తాం. జవాబు బట్టీ పట్టి ప్రింట్ చేస్తే దొరికిపోతారు. ఎర్రర్ వచ్చిన ప్రతి ప్రోగ్రాంనీ సున్నా వేసే ముందు ఒక టీచర్ చదవాలి అన్నది ఇంకో నియమం. ఇది నా కోసం నేనే పెట్టించుకున్నాను.

పిల్లలకు స్వేచ్ఛ ఇచ్చాం కానీ కొన్ని మర్యాదలు నేర్పుతున్నాం. భూమికి భూమి కలిపితే భూమే రావాలి. కూడినందువల్ల పాత రెండు కొలతలూ మారిపోకూడదు. గుంటలకు సెంట్లు కలిపితే నిశ్శబ్దంగా తప్పు జవాబు ఇవ్వకుండా, మార్చి కూడాలి లేదా కుదరదని చెప్పాలి. ప్లస్ అని రాసి లోపల ఇంకేదో చేయిస్తే చదివేవాళ్లు మోసపోతారు. జావా భాషను రూపొందించిన జేమ్స్ గోస్లింగ్, సీ ప్లస్ ప్లస్‌లో జనం దీన్ని ఇష్టం వచ్చినట్టు వాడటం చూసి, తన భాషలో ఈ సదుపాయమే వద్దనుకున్నాడు. ఆయన భయం అర్థమవుతుంది. అయినా భూమి లెక్క లాంటివి చూశాక, మా క్లబ్ వరకు ఉండనివ్వడమే మేలు అనుకుంటున్నాను.

ఇంటి దగ్గర మీరు చూడాల్సింది ఒకటి ఉంది. వేదికలో ఏదైనా ఆగిపోతే పిల్లలు 'లాక్ లేని' యాప్ కోసం వెతుకుతారు. వాట్సాప్‌లోనో, ఏదో వీడియో కిందో ఒక ఏపీకే ఫైల్ లింక్ దొరుకుతుంది. మీ బ్యాంకు యాప్, ఫోన్‌పే, గూగుల్ పే ఉన్న ఫోన్‌లోనే దాన్ని వేసేస్తారు. దయచేసి అలా జరగనివ్వకండి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే అసలు పైథాన్ దాని అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. దానికి ఏ ఇసుక పెట్టే ఉండదని మాత్రం గుర్తుంచుకోండి. పిల్లలు తాము రాసినవి నడుపుకోవచ్చు, ఎక్కడి నుంచో తెచ్చినవి నడపకూడదు. పిల్లలకు అడ్మిన్ హక్కులు లేని విడి యూజర్ అకౌంట్ ఒకటి చేసి ఇవ్వండి. విండోస్ ప్రో ఉన్నవాళ్లకు 'విండోస్ శాండ్‌బాక్స్' అని ఒక సదుపాయం కూడా ఉంది. కిటికీ మూసేయగానే అందులో చేసినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. హోం ఎడిషన్‌లో అది ఉండదు.

వచ్చే పీటీఎం రోజు ల్యాబ్ తెరిచే ఉంటుంది. మీ పొలం కొలతలు చెప్పండి, పిల్లల చేతనే కూడించి చూపిస్తాం. సర్వే నంబర్లు, పాస్‌బుక్‌లు తేవద్దు, అంకెలు చాలు.

ఆ అబ్బాయి ప్రాజెక్టును మళ్ళీ దిద్దాను. ఆలంపూర్ వైపు 4 ఎకరాల 5 గుంటలు, కోడుమూరు వైపు 3 ఎకరాల 20 సెంట్లు. తన ప్లస్‌తో కూడితే 7 ఎకరాల 13 గుంటలు వచ్చింది. వాళ్ల తాత కాగితం మీద వేసింది 7 ఎకరాల 32న్నర సెంట్లు. రెండూ ఒకటే. పాప కూడా తన ప్రాజెక్టు మళ్ళీ రాసింది, ఈసారి లెక్కతో. అబ్బాయి ఇప్పుడు మైనస్ మీద ఉన్నాడు. ఉన్న భూమి కంటే ఎక్కువ అమ్మినట్టు రాస్తే ప్రోగ్రాం ఏం చూపించాలి అన్నది వాడికీ నాకూ ఇంకా తేలలేదు.